ఆగితే ఊపిరాడదు

*పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా ఈదుతూనే ఉండే చేప టూనా. మన కోస్తాలో సూర అంటారు. దాని అలవాట్లను మనిషి ఒక్కొక్కటే తెలుసుకుంటూ వచ్చాడు. తెలిసిన ప్రతి అలవాటునూ ఒక ఉచ్చుగా మార్చుకున్నాడు. ఇప్పుడు అదే తెలివితో ఆ చేపను నిలబెట్టుకోగలమా అన్నది మన ముందున్న ప్రశ్న.*

చుట్టూ ఎటు చూసినా నీళ్లే. అడుగు ఎక్కడో వేల మీటర్ల కింద ఉంది. హిందూ మహాసముద్రం నడిమధ్యన, ఏ దేశానిదీ కాని నీళ్లమీద ఒక చిన్న తెప్ప తేలుతోంది. నాలుగు వెదురుబొంగులు, వాటిని కలిపి కట్టిన తాళ్లు, కిందికి వేలాడే మోకులు. దానిమీద మనిషి లేడు. తెడ్డు లేదు, తెరచాప లేదు. గాలి ఎటు తోస్తే అటు, నీటివాలు ఎటు లాగితే అటు పోతోంది.

తెల్లవారుతోంది. తెప్ప నీడలో మొదట వేలెడంత చేపలు చేరాయి. వాటి చుట్టూ అరచేయంతవి. ఇంకా కింద, వెలుతురు నీలంగా మారే చోట, వేల టూనాలు వెండి చక్రంలా తిరుగుతున్నాయి. తెప్పకు కట్టిన గుండ్రటి బోయా నెత్తిన ఒక సౌరఫలకం, కడుపులో ఒక ఎకో సౌండర్. అది నీళ్లలోకి శబ్దాన్ని పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి కింద ఎన్ని టన్నుల చేప ఉందో అంచనా కట్టి ఉపగ్రహానికి చెబుతుంది. ఎంతో దూరాన ఒక ఓడలో, కెప్టెన్ ముందున్న తెరమీద ఆ అంకె వెలుగుతుంది. ఓడ దారి మళ్లుతుంది. మరో తెల్లవారుజామున దాదాపు 2 కిలోమీటర్ల వల ఆ తెప్ప చుట్టూ దిగుతుంది. రూపాయల సంచి మూతిని తాడు లాగి బిగించినట్టు వల అడుగును బిగిస్తారు. చక్రం తిరుగుతూనే పైకి వచ్చేస్తుంది.

అలాంటి తెల్లవారుజామునే బంగాళాఖాతంలో, తీరం కనుచూపు దాటిపోయిన చోట, అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి వచ్చిన ఫైబరు పడవలో కొద్దిమంది మనుషులు గాలం తాడు పట్టుకుని కూర్చుంటారు. ఒక గాలం, ఒక ఎర, ఒక చేప. పెద్ద సూర పడిందంటే తాడు అరచేతుల్ని కోస్తూ బారలకు బారలు పరుగెడుతుంది. దాన్ని అలిసిపోనిచ్చి, మెల్లగా దగ్గరికి లాక్కోవాలి. ఒక్కోసారి సూర బదులు కొమ్ముకోనాం పడుతుంది. అది ఎగిరి కొమ్ముతో పొడిస్తే మనుషుల ప్రాణాలు పోయిన సందర్భాలు ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నాయి.

ఆ ఓడ, ఈ పడవ ఎదురుపడవు. అయినా రెండూ వెతికేది ఒకే చేపను. హిందూ మహాసముద్రంలో ఉన్న పసుపురెక్కల టూనా అంతటినీ శాస్త్రవేత్తలు ఒకే నిల్వగా లెక్కగడతారు. అక్కడ తెప్ప కింద పిల్లగా ఉన్నప్పుడే పట్టేస్తే, ఎదిగిన చేప కోసం ఇక్కడ గాలం వేసి కూర్చున్నవాడి వాటా కూడా తగ్గుతుంది.

మాట ఎందుకొచ్చిందంటే

తీరం నుంచి 200 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 370 కిలోమీటర్లు దాటితే ఏ దేశానికీ సొంతం కాని సముద్రం మొదలవుతుంది. ఆ నీళ్లలోని జీవజాలాన్ని కాపాడేందుకు ఐక్యరాజ్యసమితిలో 2023 జూన్‌లో ఆమోదం పొందిన మహాసముద్ర ఒప్పందానికి 2025 సెప్టెంబరులో అరవై దేశాల ధ్రువీకరణ దొరికింది. 2026 జనవరి 17 నుంచి అది అమల్లోకి వచ్చింది. నడిసముద్రంలో రక్షిత ప్రాంతాలు ఏర్పాటు చేసుకునే దారి ఇన్నాళ్లకు తెరుచుకుంది. చేపల వేట పరిమితులు మాత్రం ఎప్పటిలాగే ప్రాంతీయ టూనా కమిషన్ల చేతిలోనే ఉన్నాయి.

మన దగ్గరా కదలిక వచ్చింది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే మన ప్రత్యేక ఆర్థిక మండలంలో వేటకు కేంద్రం 2025 నవంబరులో కొత్త నిబంధనలు తెచ్చింది. యాంత్రిక బోట్లకు, పెద్ద మోటారు బోట్లకు అనుమతి పత్రం తప్పనిసరి. ఎల్‌ఈడీ దీపాలతో వేట, రెండు బోట్లు కలిసి లాగే ట్రాలింగ్ నిషిద్ధం. విదేశీ ఓడలకు చోటు లేదు. మత్స్యకారుల సహకార సంఘాలకు ప్రాధాన్యం ఇస్తామన్నారు. అండమాన్, లక్షద్వీప్ నీళ్లలోని టూనా మీదే ప్రధానంగా చూపు. మనవాళ్లు లోతు నీళ్లకు వెళ్లాలని అందరూ అంటున్న ఈ సమయంలోనే అక్కడున్న చేప ఎలాంటిదో, ఇప్పటికే ఆ లోతుల్లో ఏం జరిగిందో తెలుసుకోవాలి.

> సూర కుటుంబం
>
> కానాగంతలు, వంజరం, టూనా ఒకే కుటుంబానికి చెందిన చేపలు. సొర వేరు, సూర వేరు. సొర అంటే షార్క్.
>
> స్కిప్‌జాక్: పొట్ట మీద చారలుంటాయి. చిన్నది, త్వరగా ఎదుగుతుంది. ప్రపంచ టూనా వేటలో సగానికి పైగా ఇదే. డబ్బాల్లో ఎక్కువగా కనిపించేదీ ఇదే.
>
> పసుపురెక్కల టూనా (ఎల్లోఫిన్): రెండు మీటర్ల దాకా పెరుగుతుంది. విశాఖ తీరంలో గాలానికి పడే విలువైన సూర ఇది.
>
> పెద్దకళ్ల టూనా (బిగ్‌ఐ): పగలు చీకటి లోతుల్లో వేటాడుతుంది.
>
> అల్బకోర్: పొడవాటి పక్క రెక్కలుంటాయి. మాంసం తెల్లగా ఉంటుంది.
>
> బ్లూఫిన్: మూడు జాతులున్నాయి. 1979లో కెనడాలోని నోవా స్కోషియా దగ్గర గాలానికి పడిన అట్లాంటిక్ బ్లూఫిన్ 679 కిలోలు తూగింది.
>
> ముఖ్యమైన టూనా జాతులన్నీ కలిపి ప్రపంచంలో ఏటా పట్టేది సుమారు 50 లక్షల టన్నులు.

ఒంట్లోనే ఒక వల

చెరువులో చేపను చూడండి. ఒకచోట నిలబడి నోరు తెరిచి మూస్తూ మొప్పల మీదుగా నీళ్లు పంపుకుంటుంది. టూనాకు ఆ వెసులుబాటు లేదు. నోరు తెరుచుకుని ముందుకు దూసుకుపోతేనే మొప్పల్లోకి నీళ్లు వెళ్తాయి. ఆగితే ఊపిరాడదు. కాబట్టి రాత్రీ పగలూ ఈదుతూనే ఉంటుంది. దానికి తగ్గట్టే ఉంటుంది ఒళ్లు. కదురులా రెండు వైపులా సన్నగిల్లిన ఆకారం, వేగంగా వెళ్లేటప్పుడు ఒంటి గాడిలోకి ఒదిగిపోయే రెక్కలు, నెలవంకలాంటి తోక.

దానికన్నా వింత లోపల ఉంది. చేప అంటే చల్లని నెత్తురున్న ప్రాణి అని బళ్లో చదువుకున్నాం. బ్రిటిష్ వైద్యుడు జాన్ డేవీ ఒక స్కిప్‌జాక్ ఒంట్లో ఉష్ణమాపకం పెట్టి చూస్తే, చుట్టూ ఉన్న నీటికన్నా దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ వేడి ఎక్కువ కనిపించింది. ఆయన దాన్ని 1835లో ప్రచురించాడు. ఆ వేడి ఒంట్లో ఎలా నిలుస్తుందన్నది 1966లో అమెరికాలోని వుడ్స్ హోల్ పరిశోధకులు ఫ్రాన్సిస్ కేరీ, జాన్ టీల్ వివరించారు.

ఎడతెగని ఈతతో కండరాల్లో వేడి పుడుతుంది. మామూలు చేపలో ఆ వేడి నెత్తురుతో మొప్పల దాకా వెళ్లి నీళ్లలో కలిసిపోతుంది. టూనాలో మాత్రం వెచ్చని నెత్తురు బయటికి వెళ్లే సన్నని నాళాలు, చల్లని నెత్తురు లోపలికి వచ్చే నాళాలు ఒకదానికొకటి ఆనుకుని ఎదురెదురుగా సాగుతాయి. బయటికి పోవాల్సిన వేడి దారిలోనే లోపలికి వచ్చే నెత్తురుకు అందుతుంది. వేల నాళాల ఈ అల్లికకు లాటిన్‌లో ‘రీటే మిరాబిలే’ అని పేరు. అద్భుతమైన వల అని అర్థం. ఆ వెచ్చదనమే టూనాకు చల్లటి లోతుల్లోనూ చురుగ్గా ఈదే శక్తినిచ్చింది. మహాసముద్రాల ఆ ఒడ్డునుంచి ఈ ఒడ్డుకు తిరిగే బతుకునిచ్చింది.

చేప వీపున రోజునామచా

నడిసముద్రంలో వేగంగా తిరిగే ప్రాణిని వెంబడించేదెలా? ముందు సాదా దారి దొరికింది. పట్టిన చేప వీపున అంకె రాసిన సన్నని ప్లాస్టిక్ పుల్ల గుచ్చి వదిలేయడం. ఎక్కడో ఎవరికో ఆ చేప దొరికి, పుల్ల తిరిగొస్తే అది ఎంత దూరం పోయిందో, ఎంత పెరిగిందో తెలుస్తుంది. 2005 నుంచి 2009 దాకా హిందూ మహాసముద్రంలో ఇలాగే 1.68 లక్షల టూనాలకు ట్యాగులు వేశారు. ఎక్కువ భాగం టాంజానియా తీరంలోనే జరిగింది. ఓడల మీద, రేవుల్లో, డబ్బాల కర్మాగారాల్లో చేప కోసే కూలీల చేతుల్లో ఆ పసుపుపచ్చ పుల్లలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. ఈ సముద్రంలో టూనా ఎంత వేగంగా పెరుగుతుంది, ఏడాదికి ఎన్ని బతుకుతాయి అన్న లెక్కలకు ఆ కూలీలు తిరిగిచ్చిన పుల్లలు పెద్ద ఆధారం.

తర్వాత ఎలక్ట్రానిక్ ట్యాగులు వచ్చాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బార్బరా బ్లాక్ బృందం 1990ల నడిమి నుంచి బ్లూఫిన్ చేపలకు ఇవి అమరుస్తోంది. వెలుతురు, లోతు, వేడి ఈ ట్యాగులో నమోదవుతూ ఉంటాయి. పొద్దు పొడిచే, గుంకే వేళల్ని బట్టి చేప ఏ అక్షాంశ రేఖాంశాల్లో ఉందో లెక్కగట్టవచ్చు. కొన్ని ట్యాగులు నిర్ణీత రోజున చేపను వదిలి పైకి తేలి ఉపగ్రహానికి తమ కథంతా చెబుతాయి.

ఆ కథలు పాత నమ్మకాలను తిరగరాశాయి. అట్లాంటిక్ నడుమ గీత గీసి తూర్పు చేపలు వేరు, పడమటి చేపలు వేరు అని కోటాలు పంచుకున్నాయి దేశాలు. మెక్సికో గల్ఫ్‌లో గుడ్లు పెట్టే చేపలు, మధ్యధరాలో గుడ్లు పెట్టే చేపలు మేత కోసం ఉత్తర అట్లాంటిక్‌లో కలిసిపోతాయని ట్యాగులు చూపించాయి. చేపకు ఆ గీతతో పనిలేదు. పసిఫిక్‌లోనైతే ఒక బ్లూఫిన్ 600 రోజుల్లో ఆ మహాసముద్రాన్ని మూడుసార్లు దాటింది.

> ఫుకుషిమా ముద్ర
>
> 2011 మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చి ఫుకుషిమా అణుకేంద్రం దెబ్బతింది. అదే ఏడాది ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాన్ డియాగో దగ్గర పట్టిన 15 బ్లూఫిన్ చేపల్లో ఆ ప్రమాదం నుంచి వచ్చిన సీసియం జాడ దొరికింది. ఆహార భద్రతా పరిమితికన్నా అది చాలా తక్కువ. తినేవాళ్లకు భయం లేదు. పరిశోధకులకు మాత్రం ఒక రుజువు దొరికింది. జపాన్ నీళ్లలో పుట్టిన కుర్ర చేపలు నెలల వ్యవధిలో పసిఫిక్ దాటి అమెరికా తీరానికి చేరాయని ఆ జాడ చెప్పింది. మనిషి చేసిన కాలుష్యమే చేప ప్రయాణానికి ముద్రగా మిగిలింది.

అలవాటే ఉచ్చు

పెద్దకళ్ల టూనా పగటిపూట 300 నుంచి 500 మీటర్ల లోతుకు దిగి, ఒళ్లు చల్లబడినప్పుడు కాసేపు పైకి వచ్చి వెచ్చబడి, మళ్లీ దిగుతుంది. రాత్రి పైపొరల్లో తిరుగుతుంది. వెలుతురుకు జంకి కిందికి పోయే చిన్న చేపలు, స్క్విడ్‌లే దాని మేత. మేత ఎటు పోతే అటే అది. ఈ అలవాటు పట్టుబడింది. 1970ల నడిమి నుంచి కిలోమీటర్ల పొడవు తాడుకు వేలాడే గాలాలను ఇంకా లోతుకు దించారు. గాలం చేప ఉన్న చోటికే దిగింది.

పసిఫిక్ తూర్పు భాగంలో పెద్ద పసుపురెక్కల టూనాలు డాల్ఫిన్ల మందల కింద ఈదుతాయి. ఎందుకలా కలిసి తిరుగుతాయన్నది పరిశోధకులను ఇప్పటికీ ఆలోచింపజేస్తున్న విషయమే. వేటగాళ్లకు ఆ జవాబుతో అవసరం రాలేదు. పైకి ఎగిరే డాల్ఫిన్లు కనిపిస్తే కింద టూనా ఉన్నట్టే. స్పీడు బోట్లతో డాల్ఫిన్లను తరిమి, గుంపు చేసి, వాటి చుట్టూనే వల వేశారు. ఊపిరి కోసం పైకి రాలేక డాల్ఫిన్లు వలలోనే చనిపోయాయి. 1959 నుంచి ఇలా పోయినవి 60 లక్షలకు పైనే అని అంచనా. శామ్ లబడ్ అనే యువకుడు ఒక టూనా ఓడలో పనివాడిగా చేరి ఆ దృశ్యాలను వీడియో తీసి, 1988లో బయటపెట్టాడు. అమెరికాలో ఇంటింటా చూశారు. రెండేళ్లలో అక్కడి పెద్ద కంపెనీలు డాల్ఫిన్లను చుట్టి పట్టిన టూనాను కొనబోమని ప్రకటించాయి.

అన్నిటికన్నా తేలికగా చిక్కిన అలవాటు తేలే వస్తువు కింద చేరడం. నదులు వరదల్లో మోసుకొచ్చిన దుంగల కింద టూనాలు చేరతాయని తీరప్రాంతాల వాళ్లకు ఏనాటి నుంచో తెలుసు. ఎందుకు చేరతాయి? దిక్కూ దరీ లేని నీళ్లలో చెదిరిన గుంపు మళ్లీ కలుసుకోవడానికి దుంగ ఊరి చివర రావిచెట్టులా పనికొస్తుందని ఒక వాదం. నదులు తెచ్చిన దుంగ మేత దండిగా ఉన్న నీళ్లలోనే తేలుతుంది కాబట్టి దాన్ని నమ్ముకోవడం ఆ చేపకు లాభమని ఇంకో వాదం. హవాయి దగ్గర కొన్ని పసుపురెక్కల టూనాలు దాదాపు 10 కిలోమీటర్ల దూరం నుంచే నేరుగా తేలే వస్తువు వైపు ఈదడం పరిశోధకులు గమనించారు.

ప్రకృతి అప్పుడొకటి అప్పుడొకటి పంపే దుంగలను మనిషి వేలల్లో తయారుచేసి వదిలాడు. మొదట్లో చెప్పిన తెప్పలు అవే. ఓడ తెప్పను వెతుక్కోనక్కర్లేదు, తెప్పే ఓడను పిలుస్తుంది. సమస్య ఏమిటంటే ఆ నీడలో ఎదిగిన స్కిప్‌జాక్‌తో పాటు పసుపురెక్కల, పెద్దకళ్ల టూనా పిల్లలూ కలిసి తిరుగుతాయి. స్కిప్‌జాక్ ఏడాది, ఏడాదిన్నరకే గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది. పసుపురెక్కల టూనాకు రెండు మూడేళ్లు పడుతుంది. ఒక్కసారైనా గుడ్లు పెట్టకుండానే ఆ పిల్లలు వలలో పైకి వస్తాయి. తెప్పలు గాలివాటుకు చేపలను మేత తక్కువున్న చోటికి లాక్కుపోతున్నాయా అన్న అనుమానం కూడా పరిశోధకుల్లో ఉంది. తెప్పల కింద దొరికిన చేపల్లో ఖాళీ కడుపులు ఎక్కువని, ఒళ్లు పలచగా ఉందని 2008లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. దానిమీద వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి.

> ఏ వేట ఎలా?
>
> పర్స్ సీన్: మన రింగు వలకు పెద్దన్న. మందను చుట్టి అడుగు బిగించేస్తుంది. ప్రపంచంలోని టూనాలో దాదాపు మూడింట రెండు వంతులు దీంతోనే పడుతుంది.
>
> లాంగ్‌లైన్: పదుల కిలోమీటర్ల తాడు, వేల గాలాలు. ఎరకు ఆశపడి తాబేళ్లు, సొరలు, సముద్రపక్షులూ చిక్కుతాయి.
>
> గిల్‌నెట్: నీళ్లలో గోడలా నిలబడే వల. ఏది తగిలినా చిక్కుతుంది.
>
> గెడ గాలం: మాల్దీవులు, లక్షద్వీప్ పద్ధతి. సజీవమైన చిన్న చేపలను చల్లి, సూరలు పైకి రాగానే గెడకు కట్టిన ముల్లులేని గాలంతో ఒక్కొక్కటే ఎగరేస్తారు. వేరే ప్రాణికి దాదాపు హాని ఉండదు.

లెక్కలోకి రాని చావులు

తెప్పల కింద వేలాడే పాత వలల్లో సొరలు చిక్కుకుని చనిపోవడం చాలాకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు. వాటిని ఎవరూ పైకి లాగరు, కొన్ని రోజులకు కుళ్లి జారిపోతాయి. 2013లో ఒక పరిశోధక బృందం ట్యాగులతోనూ, నీటి అడుగున చూసీ లెక్కగట్టింది. హిందూ మహాసముద్రంలో ఇలా ఏడాదికి 4.8 లక్షల నుంచి 9.6 లక్షల సిల్కీ సొరలు చనిపోతున్నాయని తేల్చింది. ఆ తర్వాతే వల వేలాడదీయని తెప్పలు వాడాలన్న నిబంధనలు బిగిశాయి. ఎవరికీ పట్టని తెప్పలు కొట్టుకొచ్చి సీషెల్స్ పగడపు దిబ్బల మీద చిక్కుకుంటున్నాయి.

తప్పు పెద్ద ఓడలదే అని మనం చేతులు కడుక్కోలేం. హిందూ మహాసముద్రంలో టూనా కోసం వేసే గిల్‌నెట్లలో 1950 నుంచి 2018 దాకా 41 లక్షల డాల్ఫిన్లు, చిన్న తిమింగలాలు చిక్కాయని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆ వలలు ఎక్కువగా వేసేది ఈ సముద్రం చుట్టూ ఉన్న ఇరాన్, పాకిస్థాన్, భారత్, శ్రీలంక లాంటి దేశాలే.

డెబ్బై రెండు రోజులు, అరవై ఒక్క రోజులు

ఈ సముద్రంలో టూనా బాధ్యత 1996లో మొదలైన హిందూ మహాసముద్ర టూనా కమిషన్‌ది. సీషెల్స్‌లో కార్యాలయం, భారత్ సభ్యదేశం. పసుపురెక్కల టూనాను మోతాదు మించి పట్టేశారని 2015లో తేలింది. మరుసటేడు కోలుకునే ప్రణాళిక వచ్చింది. తర్వాత వేట పరిమితులను బిగించినప్పుడల్లా ఎవరో ఒకరు అభ్యంతరం నమోదు చేశారు. 2021 నాటి తీర్మానానికి భారత్ కూడా ఒప్పుకోలేదు. దూరదేశాల ఓడలు దశాబ్దాలుగా పట్టుకుపోయాక, ఇప్పుడిప్పుడే లోతు నీళ్లకు వస్తున్న చిన్న పడవలను ఆగమనడం న్యాయమా అన్నది తీర దేశాల వాదన. అందులో న్యాయం ఉంది. కానీ అందరి వాదనలూ గెలిచి చేప ఓడిపోతే మిగిలేదేముంది?

2023 ఫిబ్రవరిలో కెన్యాలోని మొంబాసాలో కమిషన్ సమావేశమై, ఏటా 72 రోజుల పాటు తేలే తెప్పల దగ్గర వేట ఆపాలని ఓటింగుతో తీర్మానించింది. యూరోపియన్ యూనియన్‌తో సహా పలువురు సభ్యులు అభ్యంతరం చెప్పడంతో అది అమలుకు నోచుకోలేదు. 2024లో బ్యాంకాక్‌లో కాస్త మెత్తని రాజీ కుదిరింది. ఓడకు 300 తెప్పల పరిమితిని 2026లో 250కి, 2028లో 225కి తగ్గించాలని నిర్ణయించారు.

ఇక మన తీరానికి రండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా యాంత్రిక, మోటారు పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. విశాఖ హార్బర్‌లో బోట్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడిపోతాయి. సరంగులు, కలాసీలు వలలకు చిరుగులు కుట్టుకుంటూ, ఇంజన్లు బాగుచేసుకుంటూ గడుపుతారు. ఐసు మోసేవాళ్లకు, చేప తట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగే ఆడవాళ్లకు పని ఉండదు. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి కుటుంబానికి 20,000 రూపాయలు. బతుకు అంతంతమాత్రంగా ఉన్న ఈ మనుషులు 61 రోజులు ఆగుతున్నారు. ఉపగ్రహాలు, వేల టన్నుల శీతల గదులు ఉన్న ఓడలు 72 రోజులు ఆగలేమన్నాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కథలో బాధ ఎక్కడుందో అర్థమవుతుంది.

ఆగితే కోలుకుంటుంది

ఆగినచోట చేప తిరిగొచ్చింది. అందుకే ఆశ పెట్టుకోవచ్చు.

అట్లాంటిక్ బ్లూఫిన్‌కు 2000ల తొలి దశాబ్దంలో చావు ఘడియలు దగ్గరపడ్డాయని భయపడ్డారు. మధ్యధరాలో గుడ్లు పెట్టడానికి గుమిగూడే చోటికే ఓడలు వెళ్లి పట్టేవి. ఆ చేప అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలన్న ప్రతిపాదన 2010లో వన్యప్రాణుల వ్యాపారంపై దోహాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో వీగిపోయింది. దాంతో పుట్టిన ఒత్తిడి, శాస్త్రవేత్తల మాటకు తగ్గట్టు తెగ్గోసిన కోటాలు, కఠినమైన తనిఖీలు పనిచేశాయి. 2021లో ఆ చేపను అంతరించే ప్రమాదమున్న జాబితా నుంచి తప్పించారు. పసిఫిక్ బ్లూఫిన్ కూడా అనుకున్న గడువుకు పదేళ్ల ముందే కోలుకునే లక్ష్యాన్ని అందుకుంది. మన సముద్రంలోని పసుపురెక్కల టూనా ఇప్పుడు ప్రమాద రేఖ దాటి బయటికి వచ్చిందని 2024 అంచనా చెప్పింది. ఈ మార్పులో కొంత కొత్త సమాచారానిది, లెక్కగట్టే తీరుది కూడా. కాబట్టి ఇది పండగ చేసుకునే వేళ కాదు.

హవాయి దీవుల దగ్గర ఒక మహా రక్షిత సముద్ర ప్రాంతం ఉంది. అంత దూరాలు తిరిగే టూనాకు సరిహద్దు గీస్తే ఏం లాభమని చాలామంది అన్నారు. ఆ గీత చుట్టుపక్కల వేటాడే బోట్లకు ఒక్కో గాలం లెక్కన పసుపురెక్కల టూనా దిగుబడి 54 శాతం పెరిగిందని 2022లో ఒక అధ్యయనం తేల్చింది. మెక్సికో గల్ఫ్‌లో బ్లూఫిన్‌లు ఎప్పుడు, ఎక్కడ గుడ్లు పెడతాయో ట్యాగులు చెప్పాక, ఆ నెలల్లో ఆ చోట్ల లాంగ్‌లైన్లను కట్టడి చేశారు. డాల్ఫిన్లను చుట్టిన ఓడలు వెనక్కి నడిచి వల అంచును నీట ముంచి వాటిని జారవిడిచే పద్ధతి నేర్చుకున్నాయి. ఒకప్పుడు ఏడాదికి లక్షల్లో పోయిన ప్రాణాలు ఇప్పుడు నమోదైన లెక్కల్లో వెయ్యి లోపే. ఏ అలవాటు ఉచ్చుగా మారిందో ఆ అలవాటు గురించిన ఎరుకే ఉచ్చును విప్పింది.

రానున్న పరీక్ష ఇంకా పెద్దది. సముద్రాలు వేడెక్కుతున్నాయి. ఉద్గారాలు ఇలాగే పెరిగితే 2050 నాటికి పది పసిఫిక్ ద్వీపదేశాల నీళ్లలో టూనా సగటున 13 శాతం తగ్గి, నడిసముద్రానికి తరలిపోతుందని ఒక అంచనా. టూనా అనుమతుల రుసుమే ఖజానాకు ఆధారమైన దేశాలవి.

హైదరాబాద్ పంపే కబురు

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌కూ సూరతో చుట్టరికం ఉంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ ఉపగ్రహాల ద్వారా నీటి వేడి, పచ్చదనం చూసి చేపలు ఎక్కడ ఉండొచ్చో మత్స్యకారులకు తెలుగులోనూ కబురు పంపుతుంది. టూనాకు ప్రత్యేక సూచనలున్నాయి. టూనాల రాకపోకలు తెలుసుకోవడానికి ఈ సంస్థ, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా కలిసి మన నీళ్లలోనే ఉపగ్రహ ట్యాగులు వేశాయి. కబురు అందితే పడవ వృథాగా తిరగదు, డీజిలు మిగులుతుంది.

అయితే వెతికిపెట్టడంతోనే సరిపోదు. 2000ల తొలి దశాబ్దంలో ట్రాలర్లను టూనా లాంగ్‌లైనర్లుగా మార్చుకోమని ప్రోత్సాహకాలు ఇచ్చారు. కానీ చేప పడిన క్షణం నుంచి ఐసులో ఉంటేనే దానికి మంచి ధర. చిన్న పడవలో ఐసుకు చోటు తక్కువ, రేవులో శీతల గిడ్డంగి దూరం. ప్రాణాలకు తెగించి తెచ్చిన సూర సరైన ధర పలకదు. తక్కువ చేపకు ఎక్కువ విలువ దక్కే ఏర్పాటు చేస్తే మత్స్యకారుడు ఎక్కువ చేప పట్టాల్సిన అవసరమే ఉండదు. మాల్దీవుల గెడ గాలం వేటకు 2012లో వచ్చిన అంతర్జాతీయ ధ్రువీకరణ అలాంటి దారే. పూడిమడక గాలానికీ ఆ గౌరవం ఎందుకు రాకూడదు?

> మన పళ్లెంలో టూనా
>
> ఐసు చూడండి: చల్లగా ఉంచని సూరలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఒంటిపై దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. వండినా అది పోదు.
>
> గర్భిణులు, పిల్లలు: పెద్ద టూనాల్లో పాదరసం ఎక్కువ చేరుతుంది. తరచూ తినొద్దు. చిన్నదైన స్కిప్‌జాక్‌లో తక్కువ.
>
> డబ్బా కొంటే: ఏ జాతి, ఏ పద్ధతిలో పట్టారో చదవండి. గెడ గాలంతో పట్టినదైతే ముందు దానికే చేయి చాపండి.

మే 2

ఏటా మే 2ను ఐక్యరాజ్యసమితి ప్రపంచ టూనా దినోత్సవంగా జరుపుతోంది. ఆ రోజు మన తీరంలో వేట నిషేధం నడుమన వస్తుంది. ఈసారి ఆ ఉదయం విశాఖ హార్బర్‌కో, పూడిమడక ఇసుక తిన్నెలకో వెళ్లి చూడండి. ఒడ్డుకు లాగిన పడవలు, ఎండలో ఆరేసిన వలలు, చుట్టలు చుట్టి పెట్టిన గాలం తాళ్లు కనిపిస్తాయి. సూర ఆగలేదు, ఆగితే దానికి ఊపిరాడదు. దాని వంతు ఆగుతున్నది ఆ పడవల నీడలో కూర్చుని గాలాలకు తుప్పు గీకుతున్న మనుషులు. వాళ్లు ఆగినట్టే నడిసముద్రపు ఓడలూ ఆగాలని అడిగే హక్కు ఈ ప్రపంచంలో ఎవరికైనా ఉంటే, ముందుగా వాళ్లకే ఉంది.